అరటి గుంటలో నీలం నురగ

తెల్లవారి పెరట్లోకి వెళ్లిన వసంతమ్మకు, అరటిచెట్ల పక్క గుంటలోంచి నీలం నురగ పొంగి తాగునీటి బావి వైపు పాకుతూ కనిపించింది.

ఆ గుంట ఆమె తవ్వించుకున్నదే. స్నానాల నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు గులకరాళ్లలో, ఇసుకలో ఇంకి, మెట్టతామర వేళ్ల మధ్య తేటపడి అరటి మొదళ్లకు చేరతాయి. మరుగుదొడ్డి నీళ్లను దాని దరిదాపులకు కూడా రానివ్వదు. నగరి దగ్గరి ఆ పల్లెలో నడివేసవిలో గెలలు వేసిన అరటి ఆమెదే.

వసంతమ్మ పార అందుకుని, మట్టికట్ట వేసి నురగను ఆపింది. అంతలోనే మరిది ఢిల్లీబాబు, ఊరిపెద్ద మునిరామయ్యను వెంటబెట్టుకుని రానే వచ్చాడు. పిలవని చోటికి పెద్దరికం మోసుకురావడం అతగాడికి సరదా. ఒళ్లు కడిగిన నీళ్లు తాగిన పండ్లు దేవుడికెలా పెడుతుందో అని ఊరంతా తిరిగి నవ్వింది ఈ మహానుభావుడే. ఇప్పుడు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఊరి మేలు కోరి ఈ గుంటను ఇవాళే పూడ్చాలన్నాడు. మునిరామయ్యా తలూపాడు. పూడిస్తే గెలలు ముదరకముందే చెట్లు ఎండిపోతాయి.

వసంతమ్మ గొంతు పెంచలేదు. గోడవార గొట్టం చూపించింది. నిన్న స్నానాలగది బ్లీచింగ్ పౌడరుతో కడిగినప్పుడు, ఆ నీళ్లు చెట్లకు తగలకూడదని గొట్టాన్ని వీధికాలువకు తిప్పింది. ఇంకా అటే ఉంది. ఇంట్లోంచి గుంటకు చుక్క కూడా పోలేదు. తర్వాత గుంట అంచున రాళ్ల మీద పేరుకున్న తెల్లటి పొరను పారతో గీకింది.

"ఉప్పు మామా. నూలుకు రంగు పట్టాలని తొట్లో ఉప్పు పోసేది ఎవురు?"

మునిరామయ్య పుట్టింది మగ్గాల ఇంట్లోనే. ఆ పల్లెలో అద్దకం తొట్టి ఒక్కరికే ఉందని ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మెల్లగా ఢిల్లీబాబు వైపు తిరిగాడు.

"ఈ బాయి నీళ్లే కదప్పా మీ ఇంటోళ్లు గూడా తాగేది," అంది వసంతమ్మ మరిదితో.

ఊరి మేలు కోరిన పెద్దమనిషి కండువా ముక్కు మీంచి జారిపోయింది.

"నేనే పోసినాను వదినా. కాలవలో వదిల్తే తొట్టి పగలగొడతామని ఆపీసర్లు చెప్పిపోయినారు. రాత్రి క్యాన్లలో తెచ్చి ఈడ పోసినాను. పొంగేసరికి, పూడ్చేస్తే గుట్టు బయటపడదనుకొంటి. సబ్బునీళ్లను తేట చేసే గుంట రంగునీళ్లను చెయ్యదా అనుకొంటి. ఊరంతా తిరిగి ఎగతాళి చేసినా గానీ, నీ గుంట మింద నాకున్న నమ్మకం ఇంకెవురికీ లేదు."