మెసేజ్ వెళ్ళే నంబరు

తాళాలాయన బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. కళ్లతో కాదు, వేళ్లతో. చేట ఒళ్లో పెట్టుకుని, గింజల్ని కొద్దికొద్దిగా అంచుకు లాగి, బొటనవేలితో తడిమి పక్కకు నెడుతున్నాడు. ముప్పై ఏళ్లుగా తాళంచెవుల పళ్లు ఆకురాయితో అరగదీసిన వేళ్లవి. వెంట్రుకంత గరుకు ఎక్కడ మిగిలినా కంటికన్నా ముందు వాటికే తెలిసేది.

కుడికంట్లో శుక్లం ముదిరి రెండేళ్లయింది. ఎడమ కన్ను కూడా ఈమధ్య అన్నగారి అడుగుజాడల్లో నడుస్తోంది. మనుషులు ఆకారాలుగా కనిపిస్తారు గాని మొహాలు తేలవు. బుధవారం ఆపరేషన్. ఆ పొద్దున్నే ముప్పై అయిదు వేలు కట్టాలనీ, ఆ రోజు తప్పితే మళ్లీ అయిదు నెలల దాకా ఖాళీ లేదనీ ఆసుపత్రి గుమస్తా ఖరాఖండిగా చెప్పాడు. అయిదు నెలలు ఆగితే కొట్టు మూసుకోవడమే. ఇప్పటికే రెండు తాళంచెవులు చెడగొట్టి డబ్బు వాపసు ఇచ్చాడు. దాచుకున్నదేదో పరీక్షలకూ చుక్కల మందుకూ కరిగిపోయింది. ఇక అమ్మడానికి మిగిలింది వాకిట్లో మోటారు సైకిలు. కళ్లు లేనివాడికి బండెందుకు, బండి ఉంచుకుంటే కళ్లెలా వస్తాయి అని తనలో తనే వాదించుకుని, దాని హ్యాండిలుకు 'అమ్మబడును' అని అట్టముక్క కట్టాడు. కింద తన ఫోను నంబరు.

చేట సగం పూర్తయ్యేసరికి వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"బాబాయ్, పొద్దున ఫోన్ చేసింది నేనే. బండి చూడచ్చా?"

గొంతు ఇరవై అయిదేళ్లది, బెల్లంలా ఉంది. తాళాలాయన చేట పక్కన పెట్టి జేబులోంచి బండి తాళం తీశాడు. కుర్రాడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, టైర్లు తన్నాడు, హారన్ కొట్టాడు.

"ఒక్క రౌండ్ వేసొస్తా బాబాయ్. తాళం ఇవ్వు."

"వెయ్యి నాయనా. నన్ను వెనక ఎక్కించుకుని వెయ్యి."

"నువ్వెందుకు, శ్రమ?"

"చాన్నాళ్లయింది బండెక్కి. దాని రుణం తీరేముందు ఓసారి ఊరేగుతా."

పై అంతస్తు వరండాలో బట్టలు ఆరేస్తున్న, ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ వంగి చూసింది. "ఏమయ్యా, ముసలి గుర్రానికి పెళ్లికొడుకు దొరికాడా?"

"చూపులవుతున్నాయమ్మా. ఇంకా తాంబూలాల దాకా రాలేదు."

వీధి చివరి దాకా వెళ్లి వచ్చారు. వెనక సీటు మీద కూర్చుని తాళాలాయన ఇంజను చప్పుడు విన్నాడు. తనకు తెలిసిన చప్పుడే, ఎప్పుడూ ముందు సీటు మీంచి విన్నది. దిగాక తాళం తీసి జేబులో వేసుకుని నలభై వేలన్నాడు. కుర్రాడు సరేనన్నాడు.

"బేరమాడకుండా కొనేవాణ్ని ఇప్పుడే చూస్తున్నా!" అంది పైనుంచి ఇంటావిడ, తడి దుప్పటి దులుపుతూ.

లోపలికి వచ్చాక కుర్రాడు కుర్చీలో కూర్చుని, నోట్లు తేలేదని చెప్పాడు. ఆదివారం కదా, ఎక్కడా డబ్బు తీయడం కుదర్లేదట. ఫోన్లోంచి పంపిస్తానన్నాడు. తాళాలాయన బీరువా పక్కనుంచి కొట్టు బోర్డు తీసుకొచ్చాడు. అరచేతి వెడల్పు రేకు మీద చదరపు బొమ్మ అతికించి ఉంటుంది, దాన్ని ఫోనుతో పట్టి చూపితే డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది. రాత్రిపూట ఎవరో ఒకడు దాని మీద తన బొమ్మ అతికించి పోతాడన్న భయంతో, కొట్టు కట్టేశాక రోజూ దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడు.

కుర్రాడు ఫోను పట్టి చూపాడు. కాసేపటికి అది టింగుమని మోగి, ఓ ఆడగొంతు నలభై వేలు చెల్లించినట్టు చిలకపలుకులు పలికింది.

"అయిపోయింది బాబాయ్. ఇదిగో టిక్కు, చూడు."

తాళాలాయనకు ఆకుపచ్చటి మసక కనిపించింది. కుర్రాడు టిక్కంటే టిక్కు, ఆకు అంటే ఆకు.

"సంతోషం. కూర్చో, మెసేజ్ రానీ."

"ఇంకా మెసేజ్ ఎందుకు? కళ్లెదురుగా కనిపిస్తోందిగా."

"తలుపు వేసినంత మాత్రాన తాళం పడ్డట్టు కాదు నాయనా. లోపల గడియ పడ్డ చప్పుడు నా చెవికి వినబడాలి. నా బతుకంతా అదే అలవాటు."

తన మీటల ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ దానికేసి చూస్తూ కూర్చున్నారు. పైన ఇంటావిడ బకెట్టు చప్పుడు వినిపించింది. ఆ కుర్చీలో మనిషి కూర్చుని ఎన్ని నెలలైందో తాళాలాయనకు గుర్తు రాలేదు.

ఆ ఫోనుకు మెసేజ్ రాదని ఆయనకు తెలుసు.

ఖాతా తెరిచిన రోజుల్లో ఇంట్లో మంచి ఫోను తమ్ముడొక్కడికే ఉండేది. కొట్టూ ఇల్లూ ఒక్కటే అయినప్పుడు నంబరు ఎవరిదైతేనేం అనుకుని బ్యాంకు కాగితం మీద తమ్ముడి నంబరే రాయించారు. కొట్టుకు ఆ బోర్డు తెప్పించిందీ తమ్ముడే. ఎవరు డబ్బు కట్టినా తమ్ముడి జేబులో ఫోను మోగేది, "పడ్డాయన్నయ్యా" అని వాడు పక్క స్టూలు మీంచి చెప్పేవాడు.

నాలుగేళ్ల కిందట ఓ పెద్దమనిషి ఇంట్లో దొంగలు పడ్డారు. తలుపు పగలగొట్టలేదు, తాళం చక్కగా తీసుకుని వెళ్లారు. ఆ తాళానికి తాళంచెవి అంతకు వారం ముందే వీళ్ల కొట్లో చేశారు. పెద్దమనిషి నలుగురిని వెంటేసుకుని కొట్టు మీదికి వచ్చాడు. అంతమంది ముందు తాళాలాయన తమ్ముడి వైపు తిరిగి ఒక్క మాటడిగాడు. "దానికి రెండో తాళంచెవి గాని చేశావా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. తమ్ముడు ఆకురాయి బల్ల మీద పెట్టేశాడు. "నామీద నమ్మకం లేదా?" అన్నాడు. అన్న జవాబు చెప్పేలోపే గుడ్డతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు. పది రోజులకు దొంగ ఆ పెద్దమనిషి ఇంట్లో అద్దెకుండేవాడేనని తేలింది. అది తమ్ముడికి చెప్పడానికి తాళాలాయన రెండుసార్లు బస్సెక్కాడు. రెండుసార్లూ సగం దారిలో దిగి వెనక్కి వచ్చాడు.

బ్యాంకులో మాత్రం నంబరు మార్పించలేదు. వాళ్లు అడిగినప్పుడల్లా వచ్చేసారి చూద్దాం అన్నాడు. మార్పిస్తే వాణ్ని ఇంకోసారి అనుమానించినట్టే అవుతుందని. వారానికోసారి పాస్‌బుక్కు అచ్చు వేయించుకుంటాడు. ముప్పయికీ నలభైకీ చేసే తాళంచెవులకు అది చాలు. ఎవడో ఒకడు కట్టకుండా ఉత్త టిక్కు చూపించి పోయినా పోయేది టీ ఖర్చు. ఇది టీ ఖర్చు కాదు, కన్ను.

"పది నిమిషాలైంది బాబాయ్," అన్నాడు కుర్రాడు. గొంతులో బెల్లం తగ్గింది. "సర్వర్ లేటు. సాయంత్రానికి వస్తుంది. నాకు అవతల పనుంది."

"సాయంత్రమే వచ్చి బండి తీసుకుపో. ఎక్కడికీ పోదు, దానికి నాకంటే బద్ధకం."

"డబ్బు కట్టాక బండి వదిలి పోవాలా? నేనేమన్నా దొంగలా కనిపిస్తున్నానా?"

"నాకెవరూ ఎలాగూ కనిపించరు నాయనా."

"నామీద నమ్మకం లేదా?"

తాళాలాయన చెయ్యి జేబులో బండి తాళం మీద ఉంది. ఒక్క క్షణం ఇచ్చేద్దామనుకున్నాడు. ఈ మాటకు జవాబు చెప్పకుండా ఒకసారి మనిషిని పోగొట్టుకున్నాడు. ఈ కుర్రాడు నిజంగానే కట్టి ఉంటే? మొహం కనిపిస్తే ఏదో ఒకటి తేల్చుకునేవాడు.

తేల్చగలిగేవాడు ఒక్కడే. ఆయన బల్ల మీది ఫోను తీసుకున్నాడు. ఆ నంబరు వేళ్లకు వచ్చు. నాలుగేళ్లలో నొక్కలేదన్న మాటే గాని ఒక్క అంకె కూడా తడబడలేదు.

నాలుగో మోతకు అవతల ఎత్తారు. పెద్ద గోడౌనులో ఉన్నట్టు ఎక్కడో ఇనుప బండి దొర్లిన చప్పుడు.

"నేను," అన్నాడు తాళాలాయన.

"ఊఁ."

"బండి అమ్ముతున్నా. కొట్టు బోర్డు మీద కట్టాడు. నలభై వేలు. నీకేమన్నా..."

"ఎంతసేపైంది?"

"పావుగంట."

అవతల ఇనుప బండి మళ్లీ దొర్లింది. "రాలేదు. అకౌంట్లో కూడా చూశా, పడలేదు. తాళం ఇచ్చావా?"

"లేదు."

"ఇవ్వకు. డబ్బు పడిందని నా నోటితో నేను చెప్పేదాకా ఇవ్వకు. వస్తున్నా."

మీటల ఫోనులో మాట గది అంతా వినిపిస్తుంది. కుర్చీ కిర్రుమంది.

"సిగ్నల్ ప్రాబ్లం బాబాయ్. బయటికెళ్లి మా ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, బ్యాంకు వాళ్లని కనుక్కుని, రెండే నిమిషాల్లో వచ్చేస్తా. నువ్వు కంగారు పడకు. బండి నాదే, ఇంకెవరికీ చూపించకు సుమా!"

చెప్పుల చప్పుడు గడప దాకా నడిచింది, వాకిట్లో వేగం అందుకుంది, వీధిలో పరుగైంది.

"అదేంటయ్యా, పెళ్లికొడుకు పారిపోతున్నాడు!" అంది ఇంటావిడ పైనుంచి.

"పోనీలెండమ్మా. పిల్ల ఇంట్లోనే ఉందిగా," అన్నాడు తాళాలాయన. తాళం పిడికిట్లో బిగించి పట్టుకుని ఉండటం అప్పుడే గమనించాడు. అరచేతిలో దాని పళ్లు అచ్చు పడ్డాయి.

గంట తర్వాత తమ్ముడు వచ్చాడు. గడప దగ్గర ఆగిన ఆకారం ఇదివరకటి కంటే లావెక్కింది. అట్టపెట్టెల దుమ్ము వాసన వేసింది. తాళాలాయన కుర్చీ చూపించాడు. తమ్ముడు కూర్చోలేదు.

"ఏడీ వాడు?"

"బెదిరిపోయాడు. నీ గొంతు విని."

"దొంగ యాప్ అయ్యుంటుంది. అందులో టిక్కు దానంతటదే వస్తుంది, గొంతు కూడా అదే." తమ్ముడు లోపలికి ఒక అడుగు వేశాడు. "కిందటి నెల తొమ్మిది రోజులు కొట్టు తీయలేదెందుకు?"

తాళాలాయన తలెత్తాడు. "నీకెవరు చెప్పారు?"

తమ్ముడు జేబు మీద తట్టాడు. ఫోను మీద వేళ్లు తగిలిన చప్పుడైంది. "నువ్వు రోజూ తొమ్మిదిన్నరకు తెరుస్తావ్. మంగళవారం బేరాలుండవు. సాయంత్రం అయిదింటికి ఒకేసారి నాలుగైదు పడతాయి. ఆ తొమ్మిది రోజులూ ఒక్కటీ రాలేదు."

అంటే నాలుగేళ్లుగా చేసిన ప్రతి తాళంచెవీ ఎక్కడో గోడౌనులో ఆ జేబులో మోగుతూనే ఉంది. "కన్ను," అన్నాడు తాళాలాయన. "బుధవారం ఆపరేషన్."

"ఎంత?"

"ముప్పై అయిదు."

"నంబరు మార్పించుకో," అన్నాడు తమ్ముడు. "రేపే బ్యాంకుకు వెళ్లు. నా ఫోను ఎవడన్నా కొట్టేస్తే నీ అకౌంటు ఊడ్చుకుపోతాడు. డబ్బు నీదైనప్పుడు మెసేజూ నీకే రావాలి. చూడలేకపోతే చదివి వినిపించే ఫోన్లొచ్చాయి."

"నీ దగ్గరుంటే ఏమీ పోదు."

"పోదని నీకేం తెలుసు?"

"వారం వారం పాస్‌బుక్కు అచ్చు వేయించుకుంటున్నా. బ్యాంకు పిల్లతో చదివించుకుంటున్నా. ఒక్క పైసా తేడా రాలేదురా."

తమ్ముడు కిటికీ దగ్గరకు వెళ్లి బండికేసి చూసి వచ్చాడు.

"నా దగ్గర ముప్పై ఆరున్నాయి. నీ బండికి తక్కువే."

"చాలు."

ఫోను మీద వేలు మెల్లగా కదిలింది. టింగుమంది. వెంటనే మళ్లీ టింగుమంది.

"మొదటిది నా ఖాతాలోంచి పోయినట్టు," అన్నాడు తమ్ముడు, గోడకు చెబుతున్నట్టు. "రెండోది నీ ఖాతాలో పడినట్టు. ముప్పై ఆరు వేలు. నిల్వ కూడా చూస్తున్నా. పడ్డాయి."

తాళాలాయన జేబులోంచి తాళం తీసి చాచాడు. తమ్ముడి వేళ్లు దాన్ని అందుకున్నాయి. ఆయన వెంటనే వదల్లేదు. బియ్యం పిండి అంటిన ఆయన చెయ్యీ, అట్టల దుమ్ము అంటిన ఆ చెయ్యీ తాళానికి చెరోవైపు ఆగాయి.

"ఆ రోజు నిన్ను అలా అడగాల్సింది కాదురా. అంతమంది ముందనే కాదు. ఒంటరిగా ఉన్నా అడగాల్సింది కాదు."

తమ్ముడు ఊపిరి ఒకసారి గట్టిగా పీల్చి వదలడం వినిపించింది. తాళాలాయన మొహం ఎత్తి, ఆ మసక ఆకారంలో నోరు ఉండాల్సిన చోటికేసి చూశాడు.

తర్వాత తాళం వదిలేశాడు. తమ్ముడు దాన్ని జేబులో వేసుకున్నాడు. గడప దగ్గర వంగి చెప్పులు వేసుకున్నాడు, నిటారుగా నిలబడ్డాడు, అక్కడే కాసేపు ఆగాడు. ఆ తర్వాత గడప దాటి వెళ్లిపోయాడు. వాకిట్లో బండి స్టార్టయి, వీధి చివరి దాకా వెళ్లిన చప్పుడు వినిపించింది.