మింగేసిన చక్రం

మందుల ఫ్యాక్టరీ వ్యర్థాల ట్యాంకరు పట్టపగలే వచ్చింది. దాని గొట్టాన్ని మా మురుగునీటి కేంద్రం పైపుకి బిగించారు. కాంట్రాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని "వాల్వు తిప్పండి" అన్నాడు. తిప్పాం. చేతులు మావే.

ఆ పైపు మురుగులోకి గాలి ఊదే తొట్టెలోకి పోతుంది. తొట్టెనిండా కంటికి కనపడని కూలీలు, సూక్ష్మజీవులు. ఊరి మురికంతా తిని నీళ్ళు తేటపరిచేది వాళ్ళే. జీతం లేదు, సెలవు లేదు, అచ్చం మాలాగే. చెవి ఒగ్గితే వాళ్ళు నమిలే చప్పుడు నాకు వినపడేది. నవ్వండి, పర్లేదు. ఆ ట్యాంకరు వెళ్ళాక మాత్రం ఆ చప్పుడు ఆగిపోయింది. గోధుమరంగు నురగ తెల్లబడింది. తడిమట్టి వాసన పోయి కుళ్ళుకంపు లేచింది.

"చాలామటుకు చచ్చాయి తాతా" అంది ల్యాబులో పనిచేసే పిల్ల. "చావనివి మందుకి మొండికేశాయి. ఇప్పుడవి ఒంట్లో దూరితే ఏ మందూ పనిచెయ్యదు."

మా అల్లుడు అక్కడే చెత్త జల్లెడ గీకుతాడు. ఇనపచువ్వ గీరుకుని చేతికి చిన్న గాటు పడింది. "దోమ కుట్టినంత లేదు మామా" అని నవ్వాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. మందు మీద మందు మారుస్తున్నారు, వాపు మోచెయ్యి దాటింది. చెయ్యి తీసేస్తే ప్రాణం దక్కుతుందేమో అంటున్నారు.

మళ్ళీ ట్యాంకరు వస్తోందని కబురొచ్చింది. పనిముట్ల గదిలో చేరాం. ఎవరి కళ్ళు వాళ్ళ చేతుల మీదే. గాటు లేని చెయ్యి ఒక్కటీ లేదు.

"మనం తిప్పకపోతే కాంట్రాక్టరు ఇంకొకడిచేత తిప్పిస్తాడు" అన్నాడు పంపు మనిషి. "ఉద్యోగం ఊడుతుంది, అంతే."

"వాల్వుకి చక్రమే లేకపోతే దేంతో తిప్పుతాడు, పళ్ళతోనా?" అంది మా అమ్మాయి. దానిదీ ఇక్కడే పని, బురద ఎండబెట్టే మడుల దగ్గర.

ఎవరూ నవ్వలేదు. కానీ అందరం లేచాం. చక్రం ఊడదీశాం. నట్లు విప్పే పానాలన్నీ మాయం చేశాం. ఎక్కడ దాచామో మీకూ చెప్పను.

కాంట్రాక్టరు పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. "చక్రమేదిరా ముసలోడా?"

నోటికి అలవాటైన వేళాకోళమే వచ్చింది. "నేను మింగేశాను సార్."

చెంప పగిలింది. మా అమ్మాయి ముందుకొచ్చింది. "నాన్నకి పళ్ళెక్కడివి? సగం నేనే తిన్నాను."

"పానాలు నా వంతు" అన్నాడు పంపు మనిషి. ఏడుస్తూనే అన్నాడు.

"నట్లు నేను" అంది ల్యాబు పిల్ల.

ఒక్కొక్కరే భయపడుతూ అన్నారు, భయపడుతూనే వ్యానెక్కారు. తలుపు మూస్తుంటే, గేటు దగ్గర నిలబడి ఇదంతా విన్న తర్వాతి షిఫ్టు వాళ్ళు లోపలికొస్తున్నారు. కాంట్రాక్టరు వాళ్ళకి ఎదురు పరిగెత్తాడు. "ఎవరి దగ్గరైనా పానా ఉందా?"

ముందున్న ఆడమనిషి వ్యానులోని మా మొహాలు చూసింది. చేతిలో అన్నం డబ్బా చంకలో ఇరికించుకుంది.

"ఉండేది సార్. దార్లో ఆకలేసింది."