ఆయనకి సాయం చెయ్యి ప్రభువా

ఎల్స్‌వర్త్ ప్రూయిట్ మళ్లీ డెట్రాయిట్‌లో కనబడ్డ రోజు వెర్లీన్ టిబ్స్ పొయ్యి మీద పంది మెడ ఎముకలు ఉడుకుతున్నాయి. అతను కుర్చీ లాక్కుని కూర్చుని గిన్నె వైపు చూశాడు. ఆమె మూత తీయలేదు. కాఫీ పోసి ముందు పెట్టింది.

అతను ఒకప్పుడు పాటగాడు. పాట మధ్యలో వాయిద్యాలు తగ్గించి మాటలు చెప్పేవాడు. కార్ల ఫ్యాక్టరీల గురించి, పోలీసుల గురించి, అద్దె ఇళ్ల గురించి. వెనక నిలబడి "చెప్పు", "అవును", "అంతే మరి" అని బదులు పలికిన గొంతు వెర్లీన్‌ది. ఆమె అవునన్నాకే జనం అతని మాట నమ్మేవాళ్లు. తర్వాత అతను ఆమె చెల్లెలు ఆర్నెటాను పెళ్లి చేసుకున్నాడు. రికార్డులు ఆగిపోయాయి. మరికొన్నాళ్లకు ఇంటికి రావడమూ ఆగిపోయింది.

"కొత్త ఆల్బం వదినా, ముప్ఫయ్యేళ్ల తర్వాత," అన్నాడు. "బ్రూక్లిన్ నుంచి ఒక కుర్రాడు తీస్తున్నాడు. ఒక ముక్క మన చర్చిలో, జనం మధ్య రికార్డు చేద్దామంటున్నాడు. నువ్వు బదులు పలకాలి."

"దేని గురించి?"

"ఆర్నెటా గురించి. ఆఖరి రాత్రి గురించి."

"ఆ రాత్రి సంగతి నీకెవరు చెప్పారు?"

అతను కాఫీ చప్పరించాడు. ఆర్నెటా పోయిన రాత్రి అతను టొలీడోలో ఇంకొకావిడ ఇంట్లో ఉన్నాడు. ఆర్నెటా పెదాలు తడిపింది వెర్లీన్, కళ్లు మూసింది వెర్లీన్. పేటంతటికీ తెలిసిన సంగతే.

"నేను పక్కనే ఉన్నట్టు రాశాను. కవిత్వం కదా."

"కవిత్వమా! సమాధి దగ్గరికి రాకపోవడం కూడా కవిత్వమేనా?"

"ఒక్కసారి 'అవును' అను వదినా. నీ గొంతు పడితేనే నమ్ముతారు."

"నా చెల్లి చావు మీద నన్ను దొంగసాక్ష్యం చెప్పమంటున్నావు. కాఫీ తాగి లెయ్యి."

అతను తాగి లేచాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె చర్చికి వెళ్లింది. చర్చి ఆమెది. ముందు వరసలో చర్చి పెద్దమ్మల బెంచీ ఉంది, అందులో ఆమె చోటు ఉంది. అతని కోసం దాన్ని వదులుకునే ఉద్దేశం ఆమెకు లేదు. ఆల్బం తీస్తున్న కుర్రాడు టోబీ అప్పటికే మైకులు వేలాడదీశాడు. గోడ మీద అరచేయి ఆనించి, "ఈ గోడల్లో చరిత్ర ఉంది," అన్నాడు. ఆ గోడ పైపు పగిలి తడిసిపోతే కిందటేడు కొత్తగా కట్టింది. ఎవరూ చెప్పలేదు.

"మీకేమనిపిస్తే అదే అనండమ్మా. నటించొద్దు," అని బెంచీకి చెప్పాడు.

"మాకు నటన రాదులే నాయనా," అంది వెర్లీన్ పక్కన కూర్చున్న ఎస్టెల్ గేదర్స్.

ఆ చర్చిలో పాస్టరు మాట మనసుకు తగిలితే బెంచీ "చెప్పు" అంటుంది, "ఆమెన్" అంటుంది. మాట తేలిపోతే, కల్పిస్తున్నాడని తెలిస్తే, గోల చెయ్యరు. ఎవరో ఒకరు మెల్లగా, "ఆయనకి సాయం చెయ్యి ప్రభువా," అంటారు. ఆ మాట పడ్డాక పాస్టర్లు బైబిలు మూసి కానుకల పళ్లెం తిప్పమంటారు.

ప్రూయిట్ మొదలుపెట్టాడు.

"ఆ రాత్రి ఆమె చెయ్యి నా చేతిలో ఉంది."

బెంచీ పలకలేదు. అతను వెర్లీన్ వైపు చూసి ఆగాడు.

"ఆఖరి ఊపిరిలో ఆమె నా పేరు పిలిచింది."

ఆర్నెటా ఆ రాత్రి పిలిచింది అమ్మని. వెర్లీన్ తెల్ల గ్లవ్స్ వేసుకున్న చేతులు ఒడిలోంచి తీయలేదు.

"ఆయనకి సాయం చెయ్యి ప్రభువా," అంది.

"తొందరగా చెయ్యి ప్రభువా," అంది ఎస్టెల్.

వెనక వరసలో ఒకామె రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రూయిట్ ఆ చర్చి పెద్దల్లో ఒకడైన డీకను కొడుకుగా పెరిగాడు. అర్థమైంది. గట్టిగా అరిచి నెగ్గుదామని చూశాడు. అతను అరిచిన ప్రతిసారీ చర్చి మొత్తం అదే మాటను ఇంకొంచెం గట్టిగా అంది. మూలన టోబీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏడుస్తున్నాడు.

అయ్యాక టోబీ బెంచీ దగ్గరికి వచ్చాడు. "నా ఒళ్లు జలదరించింది. మీరంతా ఆయన కోసం ప్రార్థించారు!"

"ప్రార్థించాం నాయనా," అంది ఎస్టెల్.

వెర్లీన్ లేచి ప్రూయిట్ దగ్గరికి నడిచింది. "ఆ మాటకి అర్థమేంటో ఆ కుర్రాడికి చెప్పు. చెప్పి మళ్లీ మొదలుపెట్టు. టొలీడో నుంచి మొదలుపెట్టు ఎల్స్‌వర్త్. నిలబడి బదులు పలుకుతాను. నా చెల్లెలి మీద ఒట్టు."

అన్న మాట నిలబెట్టుకునే మనిషే. అతనికీ తెలుసు. ఆమె మొహం వైపు కాసేపు చూశాడు. తర్వాత టోబీ వైపు తిరిగాడు.

"మొదటిసారికే వచ్చేసింది బాబూ. ఇంకోసారి అక్కర్లేదు."

ఆల్బం వచ్చింది. దారి తప్పి తిరిగొచ్చిన బిడ్డను ఒక పేట మొత్తం ప్రార్థనతో గుండెకు హత్తుకుందని పత్రికలు రాశాయి. పేటలో బ్యూటీ పార్లరు ఆడవాళ్లు ఆ ముక్కను మళ్లీ మళ్లీ పెట్టించుకుని దువ్వెనలు కింద పెట్టి నవ్వారు. వెర్లీన్ నవ్వలేదు. ఆమె కాదనడానికి అన్న మాటే ఊరూరా సాక్ష్యంగా చలామణి అవుతోంది.

వసంతంలో కచేరీ డెట్రాయిట్ వచ్చింది. టోబీ బెంచీ మొత్తానికి ముందు వరస టికెట్లు పంపాడు. ఎస్టెల్ వెంటబడితే వెర్లీన్ వెళ్లింది. హాలు నిండా కుర్రాళ్లే. ప్రూయిట్ కొత్త సూటులో వచ్చి, వాయిద్యాలు తగ్గించాడు.

"ఆ రాత్రి ఆమె చెయ్యి నా చేతిలో ఉంది."

హాలు చేతులెత్తి ఒక్క గొంతుతో, "ఆయనకి సాయం చెయ్యి ప్రభువా!" అని అరిచింది.

రికార్డులోది కంఠతా పట్టుకొచ్చారు. అన్ని ఊళ్లలోనూ ఇంతేనని పక్కసీటు పిల్ల చెప్పింది. ప్రూయిట్ కింద వెర్లీన్‌ను చూశాడు. చూపు తప్పించి, అరుపు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని వంగి, "థాంక్యూ," అన్నాడు.

ఎస్టెల్ భుజాలు ఊగిపోతున్నాయి. వెర్లీన్ కోటు తొడుక్కుంది.

"ఇంకా పాటలున్నాయంట," అంది ఎస్టెల్.

"ఉండనీ. ఈ పిల్లలకి తెలీదు. వాడికి తెలుసు. ఊరూరా నిలబడి వింటున్నాడు." ఆమె కోటు బొత్తాలు పెట్టుకుంది. "నడు, ఆకలేస్తోంది."