జెకర్యా ఇంటి వంతు

నేను ఒక జంపఖానాను. ఎర్ర చారలు, నీలం చారలు, అంచులకు కుచ్చులు. ఇప్పుడు కుచ్చులు రాలిపోయాయి, చారలు వెలిసిపోయాయి. పుట్టింది జైల్లో. అందుకు నాకేమీ సిగ్గు లేదు, నేరం నాది కాదు కదా!

నన్ను నేసినవాడు జెకర్యా. లంక పొలంలో గట్టు తగాదా వచ్చి కర్ర ఎత్తాడు. ఎదుటి మనిషి చనిపోయాడు. ఆ చెయ్యే మగ్గం ముందు నూలును ఎంత మెత్తగా లాగేదో చెబితే మీరు నమ్మరు. నేస్తూ నేస్తూ భార్యతో మాట్లాడుతున్నట్టు గొణుక్కునేవాడు. "కృపా, టీలో అల్లం ఎయ్యవే" అనేవాడు. పక్క మగ్గం వాళ్ళు నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఓ క్రిస్మస్ ముందు వాళ్ళ ఊరి పాస్టరుగారు జైలుకు ప్రార్థన చేయడానికి వచ్చి, జెకర్యా నేసిందే కావాలని అడిగి మరీ నన్ను తీసుకెళ్ళారు. చర్చిలో పరిచి, "మనవాడు నేసిందండి" అని చెప్పారు. అందరూ తడిమి చూశారు, మెచ్చుకున్నారు, కూర్చున్నారు. నేసినవాడి భార్య పక్కన మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్ళ వైపు చివర కృపమ్మ కూర్చునేది. ఆమెకూ పక్కావిడకూ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటు ఎప్పుడూ ఖాళీయే. కళ్ళు మూసుకుని ప్రార్థించేవాళ్ళకు అది కనపడదు. బరువు మోసేదాన్ని కనుక నాకు తెలుసు.

అలాగని సంఘం ఆమెను వదిలేసిందని అనుకోకండి. కోతలైతే బియ్యం పంపేవారు, పండక్కి చీర పెట్టేవారు. జైలుకు వెళ్ళి భర్తను చూసి రావడానికి పాస్టరమ్మగారు తోడు వెళ్ళేవారు. లోటల్లా శుక్రవారం కూడికల దగ్గరే. ప్రతి శుక్రవారం ఒకరింట్లో ప్రార్థన. నన్ను చుట్టి భుజాన వేసుకుని వెళ్ళి అక్కడ పరిచేవారు. ఆ ఇంటివాళ్ళు అందరికీ టీ ఇచ్చేవారు. కృపమ్మ వంతు వచ్చేసరికి సంఘ పెద్ద రూబేనుగారు, "పాపం, దానికి కర్చెందుకండీ, పక్కింట్లో పెట్టేద్దాం" అనేవారు. అందరూ జాలిగా తలలూపేవారు. ఎన్నిసార్లు వంతు వచ్చినా ఇదే మాట. జాలితోనే ఆ గడప తొక్కకుండా దాటిపోయారు. ఇంత మంచి మనసున్నవాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

జెకర్యా విడుదలైన రోజు పాస్టరుగారే వెళ్ళి తీసుకొచ్చారు. కొబ్బరి నర్సరీలో పని ఇప్పించారు. ఆదివారం మగవాళ్ళ వైపు చివర కూర్చున్నాడు. అక్కడా అంతే ఖాళీ. ఆరాధన అయ్యాక నన్ను చుడుతూ పాస్టరుగారిని అడిగాడు.

"అయ్యగారూ, ఈ శుక్రారం మా ఇంట్లో పెట్టండయ్యా."

"నీకెందుకురా ఆ శ్రమ?" అన్నారు రూబేనుగారు.

"శ్రమ కాదండి. అందరికీ టీ ఇవ్వాలని మా ఆడది ఎప్పట్నుంచో అనుకుంటందండి. ఒట్టి చేతుల్తో రండి, చాలు."

పాస్టరుగారు సరేనన్నారు. శుక్రవారం సాయంత్రం వాకిలంతా నన్ను పరిచారు. కొత్త గ్లాసులు కడిగి బోర్లించారు. కృపమ్మ పెద్ద గిన్నె నిండా అల్లం టీ కాచింది. పాస్టరుగారు, అమ్మగారు వచ్చారు. రూబేనుగారు రాలేదు, బియ్యం బస్తా పంపారు. ఇంకెవరూ రాలేదు. పాట అయింది, ప్రార్థన అయింది. పాస్టరు దంపతులిద్దరూ చెరో గ్లాసూ తాగి, తలవంచుకుని వెళ్ళారు.

చర్చి అలవాటు కొద్దీ జెకర్యా ఓ చివర, కృపమ్మ ఓ చివర కూర్చుండిపోయారు. మధ్యలో నేనంతా ఖాళీ. టీ చల్లారిపోయింది. కాసేపటికి కృపమ్మ లేచి వచ్చి భర్త పక్కన కూర్చుంది. ఆ రోజు నాకు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

తరవాత చర్చికి కుర్చీలు వచ్చాయి. నన్ను వీళ్ళకిచ్చేశారు, అదీ సాయమే. వాళ్ళు శుక్రవారం కూడిక మానలేదు. ఉన్నది ఇద్దరు, సగం పరిస్తే చాలు కదా! కృపమ్మ ఒప్పుకునేది కాదు. మొత్తం పరిచేది, గిన్నె నిండా కాచేది. వీలున్నప్పుడు పాస్టరుగారు వచ్చేవారు. లేకపోతే వాళ్ళిద్దరూ, నేనూ.

మొన్న శుక్రవారం గుమ్మంలో ఒకావిడ నిలబడింది, చెప్పులు చేత్తో పట్టుకుని. పేరు సలోమి. అవతలి లంక నుంచి పాస్టరుగారు పంపారట. ఆమె భర్తను ఈ మధ్యనే జైలుకు తీసుకెళ్ళారు.

"జైలుకెళ్ళినోళ్ళ ఇంటోళ్ళని కూర్చోనిచ్చేది ఇక్కడేనాండీ?"

"ఇక్కడేనమ్మా, లోపలికి రా" అంది కృపమ్మ.

సలోమి అంత చోటుండగా చిట్టచివర, అంచు మీద కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు. కృపమ్మకూ తెలుసు. వెళ్ళి ఆమెను ఆనుకుని కూర్చుంది. ప్రార్థనయ్యాక జెకర్యా టీ తెచ్చి ఇచ్చాడు. సలోమి గబగబా తాగేసి, గ్లాసు కింద పెట్టలేదు.

"అల్లం బావుందండీ. ఇంకాస్త ఉంటదా?"

ఆ ఇంట్లో ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు. కృపమ్మ లోపలికి వెళ్ళి గిన్నె గిన్నెంతా తెచ్చి ఆమె ముందు పెట్టింది. పెట్టే తొందరలో టీ నా మీద ఒలికింది. ఆ మరక ఇంకా నా మీదే ఉంది. ఎవరూ ఉతకలేదు.