రత్న మొదటి ఎత్తు

ఆ ఆదివారం పొద్దున పాడేరు వెళ్ళే మొదటి జీపుని ఈశ్వరమ్మ కావాలనే వదిలేసింది. కోడిపెట్ట కనబడలేదంటూ ఇంటి చుట్టూ తిరిగింది. పెట్ట గంప కిందే ఉందని ఆమెకి తెలుసు.

"అమ్మా, బేగి రాయే! తొమ్మిదింటికి ఆట. ఏటి సేత్తన్నావక్కడ?" కూతురు రత్న గుమ్మంలోంచి కేకలేస్తోంది.

పాడేరు చదరంగం పోటీల్లో ఇది ఆఖరి ఆట. గెలిస్తే రత్నని శిక్షణకని విశాఖపట్నం తీసుకుపోతారు. రెండేళ్ళు అక్కడే హాస్టల్లో. తల్లి సంతకం కావాలని ఆశ్రమ పాఠశాల టీచరు హేమలత ముందే చెప్పి ఉంచింది. పదమూడేళ్ళ గుంట. అక్కడ జ్వరమొస్తే ఎవరు చూస్తారు? సముద్రం, లారీలు, ముక్కూమొహం తెలీని మనుషులు. ఓడిపోతే ఏ గొడవా ఉండదు. బిడ్డ ఓడిపోవాలని ఏ తల్లైనా కోరుకుంటుందా అని సిగ్గుపడుతూనే కొండదేవతకి ఆ మొక్కే మొక్కింది.

చేరేసరికి తొమ్మిదీ ఇరవై. తెల్లపావులు రత్నవి, ఆమె గడియారం అప్పటికే నడుస్తోంది. ఇంకో పది నిమిషాలైతే ఆట పోయేదే. పెద్దవాళ్ళని హాల్లోకి రానివ్వరు. ఈశ్వరమ్మ కిటికీ అద్దానికి మొహం ఆనించింది. రత్న పరుగున వెళ్ళి కూర్చుని, రాజుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది, సామచేను కోతకి ముందు తొలి కంకిని ముట్టుకున్నట్టు. ఎదుటి కుర్రాడు వెంటనే చెయ్యెత్తాడు. ఆట నడిపించే పెద్దమనిషి వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏటైంది టీచరమ్మా?" అడిగింది ఈశ్వరమ్మ.

"ముట్టుకున్న పావునే కదపాలి, అది రూలు. రోజూ ఆట మొదలవక ముందే అలా దణ్ణం పెట్టుకునేది. ఇవాళ లేటయింది కదా, గడియారం నడుస్తుంటే ముట్టేసింది," అంది పక్కనే నిలబడ్డ హేమలత.

ఈశ్వరమ్మ అద్దం మీంచి మొహం తీసేసింది. ఆ దణ్ణం నేర్పింది తను. లేటు చేసిందీ తనే.

"ఓడిపోనాదా?"

హేమలత నవ్వింది. "లేదమ్మా. రాజు ఇప్పుడెటు కదుల్తాడు? చుట్టూ తనవాళ్ళే. వాళ్ళలో ఒకళ్ళు జరిగితే గాని అడుగు వెయ్యలేడు. అందుకని ఏ పావునైనా కదపొచ్చు."

లోపల పెద్దమనిషీ అదే చెప్పినట్టున్నాడు. రత్న తలూపి, ఒక బంటుని రెండు గళ్ళు ముందుకి జరిపి, గడియారం నొక్కింది. బల్ల మీదికి వంగిన ఆ మొహంలో బెదురు లేదు. ఇంట్లో గంజి చల్లారిందని సణిగే రత్నలా లేదు. ఈశ్వరమ్మ హేమలత వైపు తిరిగింది.

"టీచరమ్మా, ఆ సంతకం కాయితం ఇటివ్వు."

"ఆట ఇంకా అవలేదు. గెలవాలి కదా?"

"అది గెలిసిందంటే నాకు మళ్ళీ భయమేత్తాది. ఇప్పుడే రాసేత్తాను."

నాలుగో తరగతి దాకా నేర్చిన అక్షరాలతో పేరంతా మెల్లగా రాసింది. కాగితం తిరిగి ఇవ్వబోయి ఆగింది.

"జరమొత్తే ఎవులు సూత్తారో, ఆల పేరు కూడా ఇందులో రాయించు."