చుక్క లేని ఫోటో

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో సాయంత్రం నాలుగున్నర దాటాక ఒక వెలుతురు వస్తుంది. ఎండ కాయల మీద పడి లేచి, మనిషి గడ్డం కిందనుంచి బుగ్గల మీదికి ఎర్రగా పాకుతుంది. ఆ వెలుతురు కోసమే మాధురి రెండు నెలలుగా చంటిదాన్ని చంకనేసుకొని కల్లం చుట్టూ తిరుగుతోంది.

చేతిలో ఉన్నది మామూలు ఫోను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించిన పిల్లకు ఫోటోల పాఠం ఎవరు చెబుతారు? తోచినట్టు చేసేది. జల్లెడలో పల్చగా దూది పరిచి ఎండకు అడ్డం పెడితే ముఖం మీద నీడలు మెత్తబడ్డాయి. అన్నం కంచం ఎండకు తిప్పి పట్టుకుంటే పాప కళ్ళలో మెరుపు పడింది.

"ఏందమ్మాయ్, నువ్వు ఫోటో తీస్తే రంగు పోయిన తాలుకాయలు వాటంతటవే పక్కకొచ్చి కూర్చుంటాయా?" అని కాయలు ఏరే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

మాధురి కూడా నవ్వేది. తను దేనికోసం వెతుకుతోందో చెబితే వాళ్ళు నవ్వరు. చంకలోని తేజశ్రీ ముఖంలో రాగసుధ కనబడుతుందేమోనని ఆమె ఆశ.

రాగసుధ పెద్దకూతురు. పది నెలలు బతికింది. "ఏడాది నిండకుండా ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుద్ది" అని అత్త బసవమ్మ ఒక్కటి కూడా తీయనివ్వలేదు. మూడేళ్ళ కిందట ఇదే కల్లంలో, ట్రాక్టరు తొట్టికి కట్టిన ఎర్రచీర ఉయ్యాలలో రోజంతా ఆడుకొని, జ్వరంతో ఇల్లు చేరింది. మూడోరోజుకు లేదు. మెదడుకు సోకిన జ్వరమన్నాడు డాక్టరు. కానీ ఆ ఉదయం పనుల హడావుడిలో మాధురి పాప బుగ్గన దిష్టిచుక్క పెట్టడం మరిచిపోయింది. వాకిట్లో చుట్టాలందరి ముందూ బసవమ్మ అనేసింది: "చుక్క లేకుండా తీసుకెళ్ళింది కల్లానికి. అంతమంది కళ్ళు."

ఆ మాట మళ్ళీ ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

తేజశ్రీ పుట్టాక ఫోటోల సంగతి బసవమ్మ ఎత్తలేదు. చుక్క సంగతి మాత్రం వదల్లేదు. పొద్దున్నే తనే ఇంట్లో పట్టిన కాటుక తీసి మనవరాలి ఎడమ బుగ్గన చింతగింజంత చుక్క పెడుతుంది. ఆ చుక్కతోనే చిక్కు. కళ్ళు అవే, పై పెదవి అదే. ఎర్రటి వెలుతుర్లో పెద్దదే చూస్తున్నట్టుంటుంది. చుక్క దగ్గరికొచ్చేసరికి చిన్నదైపోతుంది. ఒక్క క్షణం తుడిచి తీద్దామని మాధురి ఎన్నిసార్లు చెయ్యి చాపిందో. అన్నిసార్లూ వెనక్కి తీసుకుంది.

సంక్రాంతి దాటిన నెలకు ఒక ఫోటో కుదిరింది. ఫోను రీఛార్జికి వెళ్ళినప్పుడు స్టూడియో సిలార్ దాన్ని చూసి కదలనివ్వలేదు.

"చెల్లెమ్మా, అద్దంకిలో రైతు సంబరాలు పెడుతున్నారు. ఫోటో పోటీ కూడా ఉంది. పెద్ద ప్రింటు తీసి నేనే ఇచ్చొస్తా, సరేనా?"

సరేనంది. సంబరాల రోజున బసవమ్మ కూడా బయల్దేరింది. "పిల్లదాన్ని అంత జనంలోకి నువ్వొక్కదానివే తీసుకెళ్తావా?" అంది. అందులో ఇంకో మాట ఉందని ఇద్దరికీ తెలుసు.

విత్తనాల కొట్టుకూ ఎడ్ల పందిరికీ మధ్య, తెల్లటి అట్టలకు ఫోటోలు గుచ్చారు. మూడింటికి ఎర్ర రిబ్బన్లున్నాయి. సాయంత్రం ఆ మూడింట్లోనే మొదటిది తేలుస్తారట.

మూడోదాని ముందు మాధురి కాళ్ళు ఆగిపోయాయి.

బుగ్గన చుక్క లేదు.

"అదేనమ్మా," సిలార్ వెనకనుంచి సంబరంగా వచ్చాడు. "బుగ్గ మీద మిరపదుమ్ము పడినట్టుంది. కంప్యూటర్లో తుడిచేశా. ఎంత నిగ్గు తేలిందో చూడు!"

"అది దుమ్ము కాదన్నా. కాటుక."

"అయ్యో! ఆ ఎరుపులో తెలవలేదు చెల్లెమ్మా."

మాధురి వినడం లేదు. అట్ట మీదనుంచి రాగసుధ చూస్తోంది. ఉయ్యాల అంచు పట్టుకొని, పాలు అడగబోయే ముందు చూసినట్టు. చంకలో ఉన్నది కదిలితే, ఎవరిని ఎత్తుకున్నానా అని ఒక్కసారి దిమ్మతిరిగింది. జనం వస్తున్నారు, ఆగుతున్నారు. "ఎంత ముద్దుగా ఉందే!" అంటున్నారు. చుక్క లేని బుగ్గ మీద ఇంతమంది కళ్ళు. చింపెయ్యాలనుంది. ఇంకాసేపు చూడాలనుంది.

"రాగీ..." అంది బసవమ్మ.

మూడేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు. ముసలామె అట్టకు ముఖం ఆనించేంత దగ్గరికెళ్ళి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, తేజశ్రీ బుగ్గన బొటనవేలు అద్దింది. ఆ వేలు తీసుకెళ్ళి ఫోటోలోని బుగ్గ మీద గట్టిగా నొక్కింది.

"అమ్మా, అమ్మా! ఏంటండీ ఇది?" బ్యాడ్జీ పెట్టుకున్నాయన పరుగున వచ్చాడు. "చెయ్యి పెట్టిన ఫోటో పోటీలో ఉండదండీ!" రిబ్బను ఊడదీశాడు.

బసవమ్మ అతని వైపు చూడనైనా లేదు.

"ఆరోజు నేనూ ఇంట్లోనే ఉన్నా గదే," అంది కోడలితో. "కాటుక గిన్నె నా పక్కనే ఉంది. నేనైనా పెట్టి ఉండకూడదా?"

మాధురి అత్త చెయ్యి పట్టుకుంది. ఆ వేలింకా నల్లగానే ఉంది.

"పోతే పోయింది చెల్లెమ్మా," అన్నాడు సిలార్ మెల్లగా. "ఇంకో ప్రింటు తీసిస్తా. చుక్క లేకుండా, అట్లాగే."

"వద్దన్నా. ఇదే ఇవ్వు."

తిరుగు బస్సులో కిటకిట. తేజశ్రీ బుగ్గన మళ్ళీ చుక్క పెట్టి ఒళ్ళో పడుకోబెట్టింది మాధురి. బసవమ్మ ఫోటోను గుండెకు ఆనించి పట్టుకుంది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు వంగి చూశాడు.

"ఈ పాప ఫోటోనేనా మామ్మా?"

"కాదు నాయనా," అంది బసవమ్మ. "దీని అక్కది."