సంఘ పెద్దగారి ఆట

రాజమండ్రిలో ఫోన్ గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీ, ఆడపిల్లలను ప్రోత్సహిస్తామని ప్రకటన ఇచ్చింది. ప్రోత్సాహమంతా ప్రకటనలోనే ఖర్చయిపోయినట్టుంది, ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న ముగ్గురూ మగవాళ్లే.

పెనుగొండ దగ్గరి పల్లె నుంచి మెర్సీ వచ్చింది. ఆడపిల్ల ఇంటర్వ్యూకి వెళితే తండ్రి బయట కుర్చీలో కూర్చోవడం మా వైపు ఆనవాయితీ. ఆ తండ్రి సామ్యేలుగారు బడిపంతులు, బాప్టిస్టు చర్చిలో సంఘ పెద్ద. పేకాట, పాచికలు, ఫోన్ గేములు, అన్నీ ఆయన దృష్టిలో సాతాను పనులే. కూతురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిందనుకుంటున్నారు. బోర్డు మీద స్టూడియో అని ఉంటే, ఫొటోలు కూడా తీస్తారు కాబోలనుకున్నారు.

"మీరు ఏ గేములు ఆడతారండీ?" అని అడిగాడు యజమాని శ్యాంబాబు.

"ఆడనండి. ఇంట్లో ఒప్పుకోరు."

ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. మగపిల్లలు కాలవగట్టున చేరి రోజంతా ఆడినా ఎవరికీ పట్టదు. ఆడపిల్ల చేతిలో ఫోనుంటే ఊరంతా చూస్తుంది. ఆ సంగతి వాళ్లకెవరు చెప్పాలి?

బయోడేటాలో 'సండేస్కూల్ సాఫ్ట్‌వేర్' అని ఒక ముక్క ఉంది. శ్యాంబాబు దాన్ని దాటేశాడు. బయట తండ్రి ఉన్నారని మెర్సీ కూడా విప్పి చెప్పలేదు. నిజానికి మెర్సీ చేసింది ఆటే. బైబిలు వాక్యంలోని మాటలు ఫోను తెరమీద చెల్లాచెదురుగా పడుతుంటాయి, దీపంలో నూనె అయిపోయేలోగా వరసలో పెట్టాలి. ఆట అంటే సంఘంలో ఎవరూ ముట్టరని 'వాక్య సాధన' అని పేరు పెట్టింది. పాస్టరమ్మగారితో సహా అందరూ దానికి అతుక్కుపోయారు.

"సరేనమ్మా, కబురు చేస్తాం," అన్నాడు శ్యాంబాబు. అంటే చెయ్యరని మెర్సీకి అర్థమైంది.

అప్పుడే బయట నుంచి కేక వినబడింది. "అయ్యో, ఆరిపోయింది! ఇంకొక్కసారి, ప్రభువా!"

శ్యాంబాబు తలుపు తీశాడు. "ఏం గేమండీ అది?"

"గేమా? ఛ! వాక్య సాధనండి. మా అమ్మాయే చేసింది," అన్నారు సామ్యేలుగారు.

శ్యాంబాబు ఫోను తీసుకుని ఆడాడు. దీపం ఆరిపోయింది. పంతం పట్టి మళ్లీ ఆడాడు. మిగతా ఇద్దరూ అతని వెనక చేరారు.

"ఇది గేమేగా, అమ్మా?"

మెర్సీ తండ్రి వంక చూసింది. కాదంటే ఉద్యోగం లేదు. అవునంటే ఆయన ముఖం ఎలా చూడాలి?

"ఆటేనండి," అంది. "నాన్నా, మొదట్నుంచీ ఆటే. చెబితే ఆడరని పేరు మార్చాను."

సామ్యేలుగారు ఫోను తీసుకుని జేబులో పెట్టుకున్నారు. ఉద్యోగం అక్కడే ఖాయమైంది. బస్సులో ఆయన మెర్సీ పక్కన కాకుండా ముందు సీట్లో కూర్చున్నారు. ఇంటికి వచ్చాకా ఎడంగానే ఉన్నారు. అంత మంచి ఉద్యోగమూ మెర్సీకి చేదుగా అనిపించింది.

పిల్లలకు ఉద్యోగం వస్తే చర్చిలో నిలబడి చెప్పి, కృతజ్ఞత కానుక వెయ్యడం ఆచారం. ఆదివారం సామ్యేలుగారు కవరుతో లేచారు. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి సరిపెడతారని, అదే చాలని మెర్సీ తల దించుకుంది.

"మా అమ్మాయికి ఆటలు తయారుచేసే ఉద్యోగం వచ్చిందండి," అన్నారాయన. "మనం ఫోనుల్లో ఆడేది కూడా ఆటేనంట. అందరికంటే ఎక్కువ ఆడింది నేనే. తప్పుంటే నన్ననండి. పిల్లనేమీ అనకండి."

కవరు పళ్లెంలో వేసి కూర్చున్నారు. ఆడవాళ్ల వైపు మెర్సీ చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చింది.